పురిటి ప్రయాణము, పరదేశపు పార్కు

కనిగిరి ప్రాంతపు మెట్టపల్లెలలో పుట్టి పెరిగి, హనుమంతునిపాడు చుట్టుప్రక్కల సంతకో తిరునాళ్లకో తప్ప గడప దాటి యెరుగని స్త్రీలు, ఏబది అరువది యేండ్ల ప్రాయమున విమానమెక్కి, భూగోళమున కావలి ప్రక్కనున్న యొక నగరమున దిగి, అచటి పార్కులో బెంచీపై గూర్చుండి, ఇసుకలో ఆడుకొను మనుమని కనిపెట్టుకొని ఆరు మాసములు గడిపి తిరిగి వచ్చుట ఇప్పుడు మన సీమలో ఎవరును వింతగా నెంచని ఆచారమైనది. వలసల చరిత్ర వ్రాయువారు ఉద్యోగమునకై పోయినవారిని లెక్కింతురు గాని, ఆ ఉద్యోగుల బిడ్డలను పెంచిపెట్టుటకు వెనువెంట పోయిన పెద్దలను లెక్కింపరు. ఉద్యానముల చరిత్ర వ్రాయువారు చెట్లు నాటించిన ప్రభువులను, బాటలు తీర్చిన శిల్పులను పేర్కొందురు గాని, ఆ నీడలలో దినముల తరబడి కూర్చున్నవారిని పేర్కొనరు. ఐనను ఈ యాచారమునకు పూర్వరంగము దీర్ఘమైనది. మన పురిటి సంప్రదాయ మొక దారిని, పాశ్చాత్య నగరముల పొగలో బుట్టిన పార్కు మరియొక దారిని నడచి వచ్చి ఆ బెంచీ వద్ద కలిసికొన్నవి. ఆ రెండు దారులను కొంత దూరము వెనుకకు నడచి చూచుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

హనుమంతునిపాడు నేడొక మండలకేంద్రము. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు ముఖ్యపట్టణముగా క్రొత్త జిల్లా యేర్పడువరకు ఈ గ్రామమున్న కనిగిరి తాలూకా నెల్లూరు జిల్లాలోను, మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోను ఉండెడివి. 1972లో ఆ క్రొత్త జిల్లాకు ఆంధ్రకేసరి పేరు పెట్టి ప్రకాశం జిల్లా యనిరి. వెలిగొండలకును సముద్రమునకును నడుమ, రెండింటి చలువకును దూరమైన మెట్టసీమ ఇది. వానలు తక్కువ, బావులు లోతు. సజ్జ, జొన్న, కంది, ఆముదము పండించుకొని, వాన మొగము చాటుచేసిన యేడు కూలికై పరసీమలకు తరలిపోవుట ఇచటివారికి తరతరముల అలవాటు. కంభము చెరువు క్రింది రైతులకు విజయనగర కాలమునాటి ఆ జలాశయము కొంత ఊరట. కనిగిరి వైపు వారికి అట్టి ఆధారమును లేదు, పైగా బావినీటిలోని ఫ్లోరైడు ఎందరి ఎముకలనో వంచివేసినది. ఇట్టి నేలపై తల్లి యింట గూర్చుండి బిడ్డ నాడించుకొను భాగ్యము కలవారి లోగిళ్లలోనే చెల్లెను.

తక్కిన యిండ్లలో చంటిబిడ్డ తల్లితోపాటు చేనికే పోయెడివాడు. గట్టుమీది వేపకొమ్మకు కట్టిన పాతచీర వానికి ఉయ్యాల. నడక నేర్చిన బిడ్డను అవ్వకో, ఏడెనిమిదేండ్ల అక్కకో అప్పగించిపోయెడివారు. ఆటకు వేరొక చోటు కేటాయింపబడి యుండలేదు. పనిలేనప్పుడు ప్రతిచోటును ఆటస్థలమే. కుప్ప నూర్పిళ్లయిన పిదప కళ్లములో గోలీలు, బిళ్లంగోడు, చింతకొమ్మలపై కోతికొమ్మచ్చి, అరుగుమీద అచ్చనగండ్లు, ఓమనగుంటలు, వీధి నడుమ తొక్కుడుబిళ్ల, వెన్నెల కాచిన రాత్రి దాగుడుమూతలు. రచ్చబండపై చుట్ట కాల్చుకొను తాత కన్ను, బావి గట్టున చేదలాగు కోడలి కన్ను, ఎదురింటి అరుగుపై చాట చెరుగు అవ్వ కన్ను ఆ పిల్లలందరిమీదను ఉండెడిది. పడి మోకాలు కొట్టుకొన్న బిడ్డను ఎవరు ముందు చూచిన వారే లేవనెత్తి, అవసరమైనచో నాలుగు చీవాట్లు పెట్టి, ఇంటికి తోలెడివారు.

ఈ యేర్పాటును దలచి మరీ మురిసిపోవుటకు వీలులేదు. చంకలో తమ్ముని మోసిన అక్క బడికి పోలేదు. మార్కాపురపు గనుల రాతిపలకలు దేశమంతట పిల్లల చేతుల కందుచున్న కాలముననే, ఆ గనులకు పిలుపు దూరముననున్న పల్లెలలో పలక పట్టకయే పెద్దవారైన ఆడపిల్లలెందరో! గట్టులేని బావులు, గడ్డివాములలోని పాములు, విడిచిన యెడ్లు బాల్యమునకు కంచెలేని ప్రమాదములు. ఐనను ఈ పద్ధతిలో ఒక గుణమును కాదనరాదు: బిడ్డను కనిపెట్టు భారము ఒక్కరి మీద పడలేదు. అది వీధి యంతయు పంచుకొన్న పని. ఈ విషయమును పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురు గాక. పరదేశపు పార్కులో మారిపోయినదెల్ల ముఖ్యముగా ఇదియే.

ఇక పురిటి మాట. తొలి కాన్పు పుట్టింట జరుగవలెనన్నది తెలుగునాట కులభేదము లేక పాటింపబడిన కట్టుబాటు. నెలలు నిండవచ్చుచుండగా తల్లిదండ్రులు పోయి కూతును తోడ్కొని వచ్చెడివారు. మంత్రసాని ఊరిదే, శొంఠి, మిరియము, కాయము ఇంటివే. కాన్పు తరువాత బాలింతరాలికి పత్యపు కూడు, వేడినీళ్ల స్నానము, సాంబ్రాణి పొగ. బిడ్డకు అమ్మమ్మ కాళ్లు బారజాపి పండుకొనబెట్టి నూనె మర్దించి పోసెడి నీళ్లు, ఉగ్గు. పదునొకండవనాడు పురుడు, ఇరువదియొకటవనాడు బారసాల, మూడవ నెలలోనో అయిదవ నెలలోనో సారెతో అత్తవారింటికి సాగనంపుట. ఖర్చు పుట్టింటిది, పెత్తనము అమ్మమ్మది. అత్తవారింట కోడలిగా ఒదిగియున్న పడుచుకు ఏడాదిలో కొన్ని మాసములు కూతురుగా ఒళ్లు చేసుకొని విశ్రమించుటకు ఈ యాచార మవకాశమిచ్చెను. అందుచేతనే పేదయింట సైతము అప్పుచేసి యైనను పురుడు పోసిరి. ప్రయాణము చేయవలసినది కూతురు. కదలక వేచియుండవలసినది తల్లి యిల్లు. వేయి సంవత్సరములు నిలిచినట్లు తోచు ఆచారము లెంత త్వరలో దిశ మార్చుకొనగలవో చెప్పుటకు దీనిని మించిన నిదర్శనము లేదు.

దిశ మారిన కథకు ముందు మరియొక సంగతి చెప్పవలసియున్నది. పరదేశమున పసిబిడ్డను కనిపెట్టుకొని కూర్చున్న భారతీయ స్త్రీ ఈ కాలమునకే క్రొత్తది కాదు. కుంపిణీ కాలము మొదలు దొరసానులు స్వదేశమునకు ఓడప్రయాణము చేయునప్పుడు బిడ్డల సంరక్షణకై ఆయాలను వెంట గొనిపోవుచుండిరి. కనిగిరి సీమ ఆనాడు మదరాసు రాజధానిలోని భాగము. ఆ రాజధాని నుండియు, వంగదేశము నుండియు, బొంబాయి నుండియు ఆయాలు సముద్రము దాటిరి. ఓడ దిగినంతనే కొందరికి పని తీరిపోయెడిది. తిరుగు ప్రయాణమునకు దారి చూపని యజమానులు కొందరు వారిని లండను వీధులలో విడిచిపెట్టిరి. అట్టివారి కొరకు ఆల్డ్‌గేట్ ప్రాంతమున నెలకొనిన ఆయాల వసతిగృహమును 1900లో లండన్ సిటీ మిషన్ వారు స్వీకరించి, హాక్నీలోని 26 కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డులోని యింట నడపిరి. 1921లో అది అదే వీధిలోని మరియొక పెద్ద యింటికి మారెను. ఏటేట సుమారు నూరుగురు స్త్రీలు అచట తలదాచుకొని, మరియొక కుటుంబముతో ఓడయెక్కు దినమునకై ఎదురుచూచిరి. వారి స్మారకముగా మొదటిదైన 26వ నంబరు యింటిమీద నీలిఫలకము వెలయుటకు 2022 వరకు పట్టెను.

ఆ కాలపు లండనులో పిల్లలను గాలికి త్రిప్పు పని దాదులది. కెన్సింగ్‌టన్ ఉద్యానములో జె. ఎం. బారీ అను రచయిత 1897 ప్రాంతమున కలిసికొన్న లూవెలిన్ డేవిస్ బాలురే పీటర్ పాన్ కథకు మూలమైరి. 1912లో ఆ కల్పిత బాలునికి ఆ తోటలోనే కంచు విగ్రహము నిలిచెను. రచయిత పేరు జగద్విదితము, బాలుర పేర్లు గ్రంథస్థము. వారిని ప్రతిదినము తోటకు గొనివచ్చి, తిరిగి గొనిపోయిన మేరీ హాడ్జ్‌సన్ అను దాదిని తలచువారరుదు. కూలికి పోయిన ఆయాయును, జీతమునకు నిలిచిన దాదియు, మమకారముచే పోయిన మన అవ్వయు ఒక్కటియే యనుట పొరపాటు. కాని పని ఒక్కటియే. ఆ పనిపట్ల చరిత్రకున్న మఱపును ఒక్కటియే.

పార్కనునది నగరము తాను చేసిన యపచారమునకు చెల్లించిన పరిహారము. పంతొమ్మిదవ శతాబ్దపు టింగ్లండులో యంత్రశాలలు పెరిగి, పల్లెజనము నగరములలో క్రిక్కిరిసి, పచ్చికబయళ్లు కంచెల పాలు కాగా, ఊపిరి పీల్చుటకు చోటు గావలెనన్న ఆందోళన పుట్టెను. జోసెఫ్ స్ట్రట్ అను మిల్లు యజమాని 1840లో డర్బీ పట్టణమునకొక వృక్షవాటికను దానమొనర్చెను. 1846లో మాంచెస్టరు, సాల్ఫర్డు పట్టణములలో ఒకే దినమున మూడు పార్కులు తెరువబడెను. 1847లో ప్రజాధనముతో బర్కెన్‌హెడ్ పార్కు వెలసెను. జోసెఫ్ పాక్స్‌టన్ దీర్చిన ఆ తోటను 1850లో చూచిపోయిన అమెరికను యువకుడు ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కొలది యేండ్లకే కాల్వర్ట్ వాక్స్‌తో గూడి న్యూయార్కులో 843 ఎకరముల సెంట్రల్ పార్కును రూపొందించెను. 1858లో ప్రజలకు తెరువబడిన ఆ మహోద్యానమున పచ్చికమీద అడుగు పెట్టుటకు ఆంక్షలుండెను. చూచి యానందించుటకు ఏర్పడిన చోటది, దుమికి యాడుటకు గాదు. ఊయెలలు, జారుడుబల్లలు అమర్చిన ఆటస్థల మచట 1926 వరకు లేకుండుట గమనింపదగినది.

పిల్లలకు ప్రత్యేకముగా చోటు కల్పించిన ఘనత ఉద్యానశిల్పులకంటె ఒక వైద్యురాలికి చెందును. మేరీ జాక్‌షెవ్‌స్కా అను నామె బెర్లిను నగరమున ఇసుక కుప్పలలో బీదల బిడ్డలాడుకొనుట చూచి, ఆ సంగతి బోస్టనులోని సహచరులకు వ్రాయగా, 1885లో అచటి నార్త్ ఎండ్ పేటలో ఒక ప్రార్థనామందిరపు పెరటిలో బండెడు ఇసుక పోయించిరి. అది ఇటలీ నుండియు ఐర్లండు నుండియు తూర్పు యూరోపు నుండియు వచ్చినవారి పేట. మొదట ఇరుగుపొరుగు తల్లులే ఆ యిసుకచెంత కాపున్నారు. 1903లో న్యూయార్కు పురపాలకులు స్థిరముగా కట్టించిన మొదటి ఆటస్థలము, సీవర్డ్ పార్కు, అట్టి మరియొక వలసదారుల పేటలోనే వెలసెను. 1906లో వాషింగ్టనులో అమెరికా ఆటస్థలముల సంఘమేర్పడగా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు దానికి గౌరవాధ్యక్షుడయ్యెను. ఇట్లు పార్కులోని ఆటస్థలము పుట్టుకనుండియు పరదేశమున బ్రతుకుతెరువునకు వచ్చినవారి బిడ్డల కొరకు ఏర్పడినదే. మన అవ్వ అచటికి పరాయిదానివలె పోవుచున్నదనుకొనును గాని, ఆ చోటి చరిత్రలో ఆమెవంటివారిదే మొదటి ప్రకరణము.

పరికరముల చరిత్రయు రుచిగలదే. నేడు ప్రతి పార్కులో గానవచ్చు ఇనుపకడ్డీల పంజరమును చికాగో దగ్గర విన్నెట్కాలో సెబాస్టియన్ హింటన్ అను న్యాయవాది 1920 ప్రాంతమున కల్పించెను. అతని తండ్రి చార్లెస్ హోవర్డ్ హింటన్ గణితవేత్త. జపానులో నివసించునప్పుడు బిడ్డలకు నాల్గవ పరిమాణమును బోధింపదలచి వెదురు బొంగులతో ఒక చట్రము కట్టెనట. బిడ్డలకు గణిత మబ్బలేదు, ఎక్కుట అబ్బినది. ఆ జ్ఞాపకమే కుమారునిచేత కోతులవలె ఎక్కి దిగుటకు వీలైన పరికరమును చేయించెను. మన చింతకొమ్మలపై కోతికొమ్మచ్చి కెవరును పేటెంటు తీసికొనలేదు. ఇంగ్లండులో కెటరింగ్ పట్టణమున చార్లెస్ విక్‌స్టీడ్ 1921లో తెరచిన పార్కు ఊయెలలకు, జారుడుబల్లలకు పేరు పొందెను. 1943లో జర్మనుల యాక్రమణలోనున్న డెన్మార్కున, ఎమ్‌డ్రుప్ అను చోట, సోరెన్‌సెన్ అను ఉద్యానశిల్పి పాత చెక్కలు, ఇటుకలు పిల్లలకు విడిచి వారికి నచ్చినట్లు కట్టుకొండనెను. తీర్చిన తోటలకంటె పాడుబడిన స్థలములనే పిల్లలు మెచ్చుచున్నారని ఆయన కనిపెట్టెను. హనుమంతునిపాటి కళ్లములో పెరిగిన వారెవరికైనను ఈ సత్యము పరిశోధన లేకయే బోధపడును.

ఈ రెండు చరిత్రలు కలిసికొనుటకు ముహూర్తము 1965లో కుదిరెను. ఆ యేడు అక్టోబరు 3న అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకము చేసిన వలస చట్టము, దేశమును బట్టి వాటాలు నిర్ణయించు పూర్వపద్ధతిని రద్దు చేసినది. అంతకుముందు 1946 చట్టము క్రింద భారతదేశమునకు ఏడాదికి నూరుగురే వాటా. ఆ 1965లోనే ఇంగ్లండులో ఓవెన్ మెక్లారెన్ అను విశ్రాంత విమాన యింజనీరు, మాస్కో నుండి పసిబిడ్డతో వచ్చిన తన కుమార్తె బరువైన తోపుడుబండితో అవస్థపడుట చూచి, గొడుగువలె ముడుచుకొను తేలికైన బండిని కల్పించెను. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానపు చక్రముల అమరికలో పనిచేసిన చేతులవి. విమానమెక్కి వచ్చిన మనుమరాలి కొరకు ఒక తాత చేసిన ఆ స్ట్రోలరే, నేడు మన తాతలందరు పార్కు బాటలలో తోయుచున్న బండికి మూలపురుషుడు.

చట్టము మారగానే పెద్దలు పోలేదు. 1960, 70 దశకములలో పోయిన తెలుగు వైద్యులును, ఇంజనీర్లును తమ బిడ్డలను చాలవరకు తామే పెంచుకొనిరి. విమానపు టిక్కెట్టు అందనిది, ఉత్తరము చేరుటకు వారములు పట్టును. 1977లో న్యూయార్కులో ఉత్తర అమెరికా తెలుగువారి మొదటి మహాసభ జరుగునాటికి అచట అవ్వలు, తాతలు అరుదు. 1990 చట్టము నైపుణ్యముగల ఉద్యోగులకు హెచ్-1బి వీసాను ఏర్పరచి, ఏడాదికి 65,000 పరిమితి విధించెను. 2001 నుండి 2003 వరకు ఆ పరిమితి 1,95,000కు పెరిగెను. కంప్యూటరు చదువుకొన్న తెలుగు యువతీయువకులు ఈ ద్వారమున పోయిరి. 2017 నాటి లెక్కలలో అమెరికాలో ఇంట తెలుగు మాటలాడువారు నాలుగు లక్షలు దాటిరి. భార్యాభర్త లిరువురు ఉద్యోగులు. ప్రసవపు సెలవు స్వల్పము. శిశుసంరక్షణాలయములకు చెల్లించు రుసుము ఇంటి అద్దెతో పోటీపడును. వీనికి తోడు పురిటికి అమ్మ ఉండితీరవలెనన్న పాత పట్టు విడువలేదు. కూతురు రాలేకపోయినది కావున తల్లి బయలుదేరినది.

సందర్శకుల వీసాపై సాధారణముగా ఆరు మాసములు నిలువనిత్తురు. ఈ ఆరు మాసములే క్రొత్త పంచాంగమైనవి: పురిటికి అమ్మమ్మ, తాత, వారు తిరిగి రాగానే నాయనమ్మ, తాత, బిడ్డ బడి యీడు వచ్చువరకు వియ్యాలవారి నడుమ వంతులు. 2008లో హైదరాబాదున అమెరికా కాన్సులేటు తెరువబడువరకు వీసాకై చెన్నపట్టణమునకే పోవలెను. ఆ యేడే శంషాబాదు విమానాశ్రయమును తెరువబడెను. ప్రయాణ నిశ్చయమైన యింట కందిపొడి, కారప్పొడి, శొంఠి దంచుట మొదలు; ఎద్దులను అమ్ముట, చేను కౌలుకిచ్చుట, ఇంటి తాళము పొరుగువారి కప్పగించుట తరువాతి పనులు. పూర్వము కూలికై వలసపోయిన కుటుంబము ముసలివారిని ఇంటికి కాపు పెట్టి పోయెడిది. ఇప్పుడు ముసలివారే పోవుచున్నారు. ఇల్లు తాళము కాపున నిలిచినది.

ఎడిసన్‌లోని రూజ్‌వెల్ట్ పార్కు గాని, ఫ్రీమాంట్‌లో ఎలిజబెత్ సరస్సు గట్టుననున్న సెంట్రల్ పార్కు గాని, వేసవి ఉదయమున చూచినచో ఈ చరిత్ర కన్నులయెదుట నిలుచును. పది గంటలకు బండి బయటికి వచ్చును. పార్కు చేరగానే బిడ్డను దించి చెప్పులు చూచి, టోపీ సరిచేసి, ఊయెలలో కూర్చుండబెట్టుదురు. తాత ఊపును, అవ్వ డబ్బాలోని పెరుగన్నము తీయును. కూర్చుండి తినవలెనన్నది ఆ దేశపు మర్యాద. పరుగెత్తు బిడ్డ వెంట పోయి, పిట్టను చూపి, ఉడుతను చూపి నోటిలో ముద్ద పెట్టుట మనది. ఈ రెంటి నడుమ కొడుకో కోడలో చేసిన హెచ్చరికలు అవ్వ చెవులలో మ్రోగుచునే యుండును: పరుల బిడ్డను తాకరాదు, ఎత్తరాదు, చేతిలోనిది పెట్టరాదు, వేరుసెనగ పొడి వలన కొందరు పిల్లలకు ప్రాణాపాయము కలుగును. పడిన బిడ్డను ఎవరు ముందు చూచిన వారే ఎత్తెడి వీధినుండి వచ్చిన మనిషికి, కంటియెదుట ఏడ్చు పరాయి బిడ్డను చేతులు ముడుచుకొని చూచుట అన్నిటికంటె కష్టమైన చదువు.

బెంచీమీది సంఘము మెల్లగా నేర్పడును. మొదటి వారము చిరునవ్వు, రెండవ వారము ఊరి పేరు. తెలుగువారైనచో కనిగిరి యనగానే పామూరు, పొదిలి, కంభము కదలివచ్చును. ఏ వీధి, ఎవరి తాలూకు అని తీగ లాగి బంధుత్వము తేల్చిగాని వదలరు. పంజాబీ తాతతో హిందీ ముక్కలు, చీనా అవ్వతో చేతిసైగలు. ఆమెయు ఇట్లే వంతుకు వచ్చినది. ఆమె దేశముననూ బాలింతరాలికి నెలదినముల పత్యమున్నది. ఈ సంగతి సైగలతోనే తెలిసిపోవును. పార్కులోని నీటికొళాయి మన మెట్టసీమ తాతలకొక వింత. 1859లో లండనున తాగునీటి ధారల సంఘము ప్రారంభించిన ఉచిత నీటి యుద్యమము నగరములకెల్ల ప్రాకి, ఈ కొళాయిని ఇచట నిలిపినది. పండ్లపై ఫ్లోరైడు మచ్చలతో పెరిగినవాడు దారిప్రక్కన మీట నొక్కి దోసిట నీరు త్రాగి, ఇట్టిది మా యూరిలో నుండిన మోకాళ్లు ఇట్లుండెడివి కావనుకొనుట సహజము.

అయితే ఈ దినచర్యలో మాధుర్యముతోపాటు భారమును గలదు. కారు నడుపరాదు, మాట రాదు, జేబులో ఆ దేశపు ధనము లేదు. బండి తోసికొని పోగలిగినంత దూరమే ఆ పెద్దలకు దేశము. శీతకాలమున మంచు పడినచో ఆ దేశమును మూతపడి, గ్రంథాలయములోని కథల గంటయో, అంగళ్ల సముదాయపు నడవయో శరణ్యమగును. అందుచేతనే వీలైనవారు వసంతమున వచ్చి చలికి ముందే మరలుదురు. 2020లో మహమ్మారి వచ్చినప్పుడు మార్చి నెలలో భారతదేశమునకు విమానములు నిలిచినవి, ఏప్రిల్ నాటికి న్యూయార్కు నగరపు ఆటస్థలములకు తాళములు పడినవి. అచట చిక్కిన పెద్దలు మే నెలలో వందే భారత్ విమానములు మొదలగువరకు, ఆ పిదపను చోటు దొరకు వరకు, కిటికీల చెంత గడపిరి. ఊరికి పోలేక, పార్కునకు పోలేక గడచిన ఆ మాసములలో పార్కు తమకెంత యాధారమైనదో వారికి తెలిసివచ్చెను.

లెక్క వేసి చూచినచో, ఈ యేర్పాటువలన గడించిన దెవరు? యజమానికి సెలవు కోరని ఉద్యోగులు దొరకిరి, యువదంపతులకు రుసుము మిగిలెను, బిడ్డకు తెలుగు నోట పలికెను. అవ్వకు మనుమడు దక్కెను; ఇది తక్కువ లాభము గాదు, ఆమె నడిగినచో వేరే లాభము కోరదు. కాని ఆమె చేసినది పని యని ఏ పద్దులోను నమోదు కాలేదు. ఆయాకు వసతిగృహపు దస్తావేజులైనను మిగిలినవి; అవ్వకు మిగిలినది విమానాశ్రయపు ముద్ర మాత్రమే. ప్రేమతో చేసిన పనికి వెలకట్టుట అనుచితమని కొందరందురు. వెల కట్టనక్కరలేదు, ఉన్నదని ఒప్పుకొన్న చాలును.

ఇంతలో ఇచటి వీధియు పాతవీధిగా నిలువలేదు. సిమెంటు రోడ్లు పడి ఎత్తు పెరుగగా అరుగులు నేలలో కలిసినవి. యంత్రములు వచ్చి కళ్లములను రూపుమాపినవి. మోటారు సైకిళ్ల రద్దీలో తొక్కుడుబిళ్ల గీయుటకు చోటు లేదు. పిల్లలు తెల్లవారగనే బడి బస్సెక్కి చీకటికి దిగుదురు. ఇంగ్లండు పట్టణములు 1840 ప్రాంతమున ఎదుర్కొనిన అవస్థ, యంత్రశాలలు లేకయే, మన కనిగిరికి, మార్కాపురమునకు, గిద్దలూరునకు దాపురించినది. అచటివారు వీధి పోయిన తరువాత పార్కు కట్టిరి. నడుమ ఒక తరము పిల్లలు ఇరుకుసందులలో పెరిగిపోయిరి. ఆ యాలస్యము మనకు తప్పనిసరి కాదు. పరదేశపు పార్కులలో ఆరేసి మాసములు గడపి వచ్చినవారు మన పల్లెలలో ఇప్పుడు తక్కువేమియు గారు. పిల్లల యెత్తునకు ఊయెల ఎంతుండవలెనో, ఇసుక ఎంత లోతుండవలెనో, పెద్దలకు నీడగల బెంచీ ఏ వైపున వేసిన ఆటస్థలమంతయు కనబడునో, నీటికొళాయి, మరుగుదొడ్డి ఎంత దగ్గరనుండవలెనో వారికి స్వానుభవము. పురపాలక సంఘములును, పంచాయతీలును నగరముల నుండి శిల్పులను రప్పించుటకు ముందు ఈ అవ్వలను, తాతలను పిలిచి యడుగుట మంచిది. చింతచెట్టును కొట్టకుండ దాని చుట్టును పార్కు కట్టవలెనని వారు మొదటి మాటగా చెప్పుదురు. ఆ మాట వినినచో ఖర్చును తగ్గును, కోతికొమ్మచ్చియు మిగులును.